టెండరు అర్హతల పేజీ రాసే అధికారులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఈ ఉత్తరం మంత్రులకు రాయమని మా సాటి యజమానులు కొందరు సలహా ఇచ్చారు. ఆలోచించి మీకే రాస్తున్నాను. రెండు తెలుగు రాష్ట్రాల్లో విద్యాశాఖ, సంక్షేమ హాస్టళ్లు, ఆసుపత్రులు, కార్పొరేషన్ల కోసం సరుకు కొనేటప్పుడు టెండరు కాగితం తయారుచేసే ఇంజినీర్లు, పర్చేజ్ మేనేజర్లు, ఆ ఫైలు మీద సంతకం పెట్టే డైరెక్టర్లు మీరు. ప్రభుత్వం కొనేవాటిలో చిన్న పరిశ్రమలకు వాటా ఉండాలన్న మాట మీద ఇప్పుడు పెద్దగా తగవు లేదు. ఏ పార్టీ వచ్చినా ఒప్పుకుంటుంది, పాలసీలో రాస్తుంది. ఆ మాట మా షెడ్డు దాకా వస్తుందా, మధ్యలో ఆగిపోతుందా అన్నది తేలేది మాత్రం మీ చేతిలో ఉన్న ఒక్క పేజీలో. ‘బిడ్డరుకు ఉండాల్సిన అర్హతలు’ అని మొదలయ్యే పేజీ అది.

విజయవాడ ఆటోనగర్‌లో మాది స్టీల్ ఫర్నిచర్ యూనిట్. హాస్టళ్లకు రెండంతస్తుల మంచాలు, బడులకు డ్యూయల్ డెస్కులు, ఆఫీసులకు బీరువాలు, ర్యాకులు చేస్తాం. షీరింగ్, ప్రెస్సు, వెల్డింగ్ మా దగ్గరే. పౌడర్ కోటింగ్ పక్క వీధిలో చేయిస్తాం. మా దగ్గర పనిచేసే పద్దెనిమిది మందిలో ఎక్కువమంది ఇదే పనిలో ఇరవై ఏళ్ల పైబడి ఉన్నవాళ్లు. ఇలాంటి యూనిట్లు ఆటోనగర్‌లోనే కాదు, విశాఖలో, హైదరాబాద్ చుట్టూ బాలానగర్, చర్లపల్లి, జీడిమెట్లలో, జిల్లా కేంద్రాల ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో ఎన్నో ఉన్నాయి. ప్రభుత్వం కొనే సరుకులో చాలా భాగం మేం చేయగలిగిందే.

కేంద్రంలో ఈ వాటాకు చట్టం అండ ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) అభివృద్ధి చట్టం 11వ సెక్షన్ కింద 2012 మార్చిలో కొనుగోళ్ల ఉత్తర్వు వచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏడాదిలో కొనే సరుకులు, సేవల్లో 20 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలన్నారు. 2015 ఏప్రిల్ నుంచి దాన్ని తప్పనిసరి చేశారు. 2018లో 25 శాతానికి పెంచారు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల యూనిట్లకు, 3 శాతం మహిళల యూనిట్లకు. టెండరు ఫారం ఉచితం, ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు కట్టే ధరావతు, కట్టక్కర్లేదు. ఇవి కాక, 358 వస్తువులను సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని ఒక జాబితా ఇచ్చారు. స్టీల్ బీరువాలు, కుర్చీలు, డెస్కులు, మంచాలు, ర్యాకులు, ట్రంకు పెట్టెలు అందులో ఉన్నాయి. బకెట్లు, చీపుర్లు, గొడుగులు, ముళ్లతీగ, బ్యాండేజీ గుడ్డ, అన్ని రకాల సంచులు, చేతి పనిముట్లు, తట్టలు, చివరికి తేనె కూడా ఉంది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఒకప్పుడు కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమలు తప్ప ఇంకెవరూ తయారుచేయకూడదనే నియమం ఉండేది. 1967లో మొదలైన ఆ నియమాన్ని కొంచెం కొంచెంగా ఎత్తేస్తూ వచ్చి 2015 ఏప్రిల్‌లో చివరి 20 వస్తువులకూ తీసేశారు. స్టీల్ బీరువాలు, స్టీల్ కుర్చీలు ఆ ఇరవైలో ఉన్నవే. ఆ రోజులు మళ్లీ రావాలని నేను అడగడం లేదు. బీరువా ఎవరైనా చేసుకోవచ్చు, బజారులో ఎవరికైనా అమ్ముకోవచ్చు. ప్రజల పన్ను డబ్బుతో ప్రభుత్వం కొనేచోట మాత్రం మా ఊళ్ల యూనిట్లకు తలుపు మూసేయొద్దంటున్నాను.

2012 ఉత్తర్వు కేంద్ర సంస్థలకే వర్తిస్తుంది. రాష్ట్ర శాఖలను అది కట్టడి చేయదు. బడి బెంచీ కొనేది రాష్ట్రం, హాస్టల్ మంచం కొనేది రాష్ట్రం, ఏరియా ఆసుపత్రికి ర్యాకులు కొనేది రాష్ట్రం. మాలాంటి వాళ్ల అసలు కస్టమర్ మీరు. అందుకే ఢిల్లీకి కాకుండా మీకు రాస్తున్నాను.

ఇప్పుడు ఆ పేజీ దగ్గరికి వస్తాను.

అర్హతలు పెట్టేటప్పుడు మీలో చాలామంది కేంద్ర విజిలెన్స్ కమిషన్ ఎప్పుడో పనుల కాంట్రాక్టుల కోసం చెప్పిన కొలతలే వాడతారు. అంచనా విలువలో కనీసం 30 శాతం సగటు వార్షిక టర్నోవర్ ఉండాలి. అలాంటి పని గతంలో చేసి ఉండాలి. 40 శాతం విలువకు మూడు, లేదా 50 శాతానికి రెండు, లేదా 80 శాతానికి ఒకటి. ఈ కొలతల్లో తప్పేమీ లేదు. అవి చిన్నవాళ్లను తొలగించడానికి పెట్టినవి కావు, పని సగంలో వదిలేసి పోయేవాళ్ల నుంచి ప్రభుత్వాన్ని కాపాడ్డానికి పెట్టినవి. చిక్కంతా అంచనా విలువలో ఉంది.

రాష్ట్రంలోని హాస్టళ్లన్నిటికీ కలిపి 20 కోట్ల రూపాయల మంచాలు కావాలనుకుందాం. ఒకే టెండరుగా పిలిస్తే టర్నోవర్ 6 కోట్లు ఉండాలి, గతంలో 8 కోట్ల ఆర్డర్లు మూడు చేసి ఉండాలి, లేదా 16 కోట్ల ఆర్డరు ఒకటి. ఆటోనగర్‌లో ఒక్క యూనిట్ కూడా నిలబడదు. అదే మంచాలను ప్రాంతాల వారీగా 2 కోట్ల చొప్పున పది లాట్లు (భాగాలు) చేస్తే టర్నోవర్ 60 లక్షలు చాలు, 80 లక్షల ఆర్డర్లు మూడు చాలు. ఇప్పుడు ఏ జిల్లాలో చూసినా పోటీ పడే యూనిట్లు దొరుకుతాయి. డ్రాయింగు మారలేదు. పైపు మందం మారలేదు. వెల్డింగు మారలేదు. నియమం కూడా మారలేదు. టెండరు సైజు ఒక్కటి మారింది, దాంతో చేతకానివాళ్ల లెక్కలో ఉన్నవాళ్లు చేయగలిగినవాళ్లయ్యారు.

ఇలాంటి పెద్ద టెండరు ఒకసారి మాకే ఎదురైంది. ఒక ప్రభుత్వ సంస్థ హాస్టల్ మంచాలకు టెండరు పిలిచింది. టర్నోవర్ చాలక మేం బిడ్ వేయలేదు. మా వీధిలోని ఆరు యూనిట్లు కలిసి వేద్దామనుకుంటే, జాయింట్ వెంచర్లు, కన్సార్షియంలు కుదరవని రాసి ఉంది. వేరే రాష్ట్రం కంపెనీ ఒకటి ఆ టెండరు దక్కించుకుంది. నెల తిరక్కముందే వాళ్ల మనుషులు ఆటోనగర్‌కు వచ్చారు. ఆర్డరులో ఒక ముక్క మాకు, ఇంకో ముక్క మా ఎదురు యూనిట్‌కి ఇచ్చారు. మంచాలు మేమే చేశాం. మా వెల్డర్లే చేశారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఇంజినీరు మా షెడ్డులోనే నిలబడి చూసి పాస్ చేశారు. స్టిక్కరు మాత్రం ఆ కంపెనీది. ప్రభుత్వం కట్టిన ధరకూ, మా చేతికి వచ్చిన ధరకూ మధ్య ఉన్న తేడాతో ఇంకొన్ని మంచాలు కొనొచ్చు. ఆ కంపెనీ మీద నాకు కోపం లేదు. వాళ్లు నిబంధన ప్రకారమే గెలిచారు. అర్హత లేదని బయట నిలబెట్టినవాళ్లే ఆ సరుకు చేశారన్న సంగతి కొన్న సంస్థకు ఎన్నడూ తెలియలేదు. నేను అడిగేది మీకు అది తెలియాలని. వచ్చేసారి పెద్ద టెండరు గెలిచినవాళ్లను ఒక ప్రశ్న అడగండి. సరుకు నిజంగా ఎక్కడ తయారవుతోంది? సమాధానం చాలాసార్లు మీ జిల్లాలోనే దొరుకుతుంది.

పెద్ద టెండరు ఎందుకు పిలుస్తారో నాకు తెలుసు. ఒక్క ఫైలు, ఒక్క అగ్రిమెంటు, అడగడానికి ఒక్క మనిషి. పది లాట్లంటే పది అగ్రిమెంట్లు, పది ఇన్‌స్పెక్షన్లు, పది బిల్లులు. మీ ఆఫీసుల్లో మనుషులు తక్కువ, ఖాళీలు ఎక్కువ. ఈ ఇబ్బంది నిజమైనది. దానికి యూరప్‌లో ఒక దారి ఉంది. 2014లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనలో, టెండరును లాట్లుగా విడగొట్టకపోతే ఎందుకు విడగొట్టలేదో కారణం రాయాలని ఉంది. విడగొట్టి తీరాలని బలవంతం లేదు. కారణం కాగితం మీద ఉండాలి, అంతే. అమెరికాలో ఇంకో పద్ధతి ఉంది. 1953 నాటి చిన్న వ్యాపారాల చట్టం ఆధారంగా అక్కడ ఫెడరల్ కాంట్రాక్టుల విలువలో 23 శాతం చిన్న సంస్థలకు వెళ్లాలనే లక్ష్యం ఉంది. అంతకంటే నాకు నచ్చింది, కనీసం రెండు చిన్న సంస్థలు సరైన ధరకు ఆ పని చేయగలవని అధికారికి నమ్మకం కుదిరితే ఆ టెండరు చిన్న సంస్థల మధ్యనే పెట్టాలన్న నియమం. అక్కడ అధికారి వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న చిన్నవాళ్లు ఇది చేయగలరా అన్నది. మన దగ్గర ఆ ప్రశ్న అసలు రాదు.

నేను అడిగేది యూరప్ పద్ధతి. దానికి చట్టం కూడా అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు. కోటి రూపాయలు దాటిన ప్రతి సరుకు టెండరు ఫైలులో ఒక పేరా ఉండాలి. ఈ టెండరును జిల్లాల వారీగా లేదా వస్తువుల వారీగా ఎందుకు విడగొట్టలేదో ఆ పేరా చెప్పాలి. కారణం సరైనదైతే మేమూ ఒప్పుకుంటాం. సీటీ స్కానర్లు జిల్లాకొకటి చొప్పున విడివిడిగా కొనమని ఎవరూ అడగరు. బెంచీలకు ఆ కారణం దొరకదు.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్‌లో కొనేవాళ్లతో ఇంకో మాట. అక్కడ బిడ్ తయారుచేసేటప్పుడు ఒక గడి వస్తుంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు అనుభవం, టర్నోవర్ నుంచి సడలింపు ఉందా? అవును, కాదు. కేంద్ర ప్రభుత్వ నియమాలు ఈ సడలింపుకు వీలిస్తున్నాయి. నాణ్యతలో, స్పెసిఫికేషన్‌లో రాజీ లేకుండా సడలించవచ్చని ఉంది. సడలించాలి అని లేదు. ఆ ఒక్క మాట వల్ల భారమంతా మీ మీద పడింది. ‘అవును’ నొక్కి, రేపు ఆ యూనిట్ సరుకు ఇవ్వలేకపోతే ఆడిట్ వాళ్లు మిమ్మల్నే అడుగుతారు. ‘కాదు’ నొక్కితే ఎవరూ ఏమీ అడగరు. మీ స్థానంలో ఎవరున్నా ‘కాదు’ నొక్కే అవకాశమే ఎక్కువ. కాబట్టి ఈ విషయంలో మీ పై అధికారులను అడగాల్సింది మీ తరఫునే: సడలింపు ఇచ్చినందుకు ఏ అధికారినీ తప్పు పట్టబోమని, ‘కాదు’ అన్నప్పుడు మాత్రం కారణం రాయాలని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. అప్పుడు టెన్షన్ లేకుండా మీరూ ‘అవును’ అనగలరు.

ధర గురించి ఒక పెద్ద అపోహ ఉంది. చిన్నవాళ్ల దగ్గర కొంటే ప్రభుత్వానికి ఎక్కువ ఖర్చవుతుందని. కేంద్ర విధానంలో అలా లేదు. అందరికంటే తక్కువ కోట్ చేసిన ఎల్1 ఒక పెద్ద కంపెనీ అయితే, దానికంటే 15 శాతం లోపు ఎక్కువ కోట్ చేసిన చిన్న యూనిట్‌ని పిలిచి, అదే ఎల్1 ధరకు దిగి వస్తే 25 శాతం సరుకు ఇస్తారు. ఖజానాకు పైసా ఎక్కువ కాదు.

కానీ ఈ పద్ధతిలో ఉన్న లోపం బయట ఎవరూ మాట్లాడరు కాబట్టి చెబుతున్నాను. ఎల్1 కంపెనీ మంచానికి 8,000 కోట్ చేసిందనుకుందాం, మేం 8,900. వాళ్ల ధర పదివేల మంచాల మీద లెక్క. స్టీలు నేరుగా మిల్లు నుంచి తెస్తారు. మేం డీలరు దగ్గర కొంటాం. మాకు వచ్చేది రెండున్నర వేల మంచాలు, దిగాల్సింది వాళ్ల ధరకు. తొమ్మిది వందలు ఎక్కడినుంచి తగ్గించాలి? కూలి తగ్గించలేం. కరెంటు తగ్గదు. మిగిలింది రేకు, పైపు మాత్రమే. 18 గేజ్ ఉండాల్సిన చోట 20 గేజ్ (నంబరు పెరిగితే రేకు పలచన) వాడాలన్న ఆశ అక్కడే పుడుతుంది. కొందరు ఆ పని చేస్తారు. ఏడాది తిరిగేసరికి మంచం కాలు వంగుతుంది, చిన్న యూనిట్ల సరుకు ఇంతే అన్న పేరు అందరికీ వస్తుంది. పెద్దవాళ్ల ధరకు చిన్నవాళ్లను దించడం కంటే, చిన్నవాళ్ల మధ్యనే పోటీ పెట్టి, వచ్చిన ధర మీ అంచనాకు లోపల ఉందో లేదో చూసుకోవడం మేలు. 358 వస్తువుల జాబితా ఉద్దేశం అదే. రాష్ట్రాలు ఆ జాబితాలోంచి తమకు పనికొచ్చే వస్తువులు ఎంచుకుని పెట్టుకుంటే సగం గొడవ తీరిపోతుంది. అంతమంది చిన్న యూనిట్లు పోటీ పడితే ధర దానంతట అదే దిగుతుంది, మా వాళ్ల మధ్య పోటీ ఎంత గట్టిగా ఉంటుందో ఆటోనగర్‌లో ఒక్క పూట తిరిగితే మీకే అర్థమవుతుంది.

నాణ్యత విషయంలో మాకు ఏ రాయితీ వద్దు. స్పెసిఫికేషన్ గట్టిగా రాయండి. గేజ్ మీటరుతో కొలవండి. పౌడర్ కోటింగ్ మందం కొలవండి. ప్రతి లాటు నుంచి ఒక మంచం తీసి బరువు వేసి చూడండి. తేలిపోయిన సరుకు వెనక్కి పంపండి. మళ్లీ మళ్లీ అలా చేసిన యూనిట్‌ని బ్లాక్‌లిస్టు చేయండి, చిన్న యూనిట్ కదా అని వదలొద్దు. రాయితీ అర్హతలో ఉండాలి, సరుకులో కాదు.

మా వైపున ఉన్న మోసం గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజాయతీగా ఉండదు. చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి స్వయం ప్రకటన మీద నడుస్తోంది. ఆధార్, పాన్ ఉంటే చాలు. పనులు తేలిక చేయడానికి అది మంచిదే. దాని వెనక ఒక్క మెషీను కూడా లేని తయారీదారులు పుట్టుకొచ్చారు. బజారులో కొని, స్టిక్కరు వేసి, చిన్న పరిశ్రమ పేరుతో సప్లై చేస్తారు. 2021లో వ్యాపారులకు ఉద్యమ్ నంబరు ఇచ్చినా, అది బ్యాంకు రుణాల కోసమే, కొనుగోళ్ల ప్రయోజనాలు వాళ్లకు వర్తించవు. ఆ తేడా టెండరు తెరిచే టేబుల్ దగ్గర చాలామంది గమనించరు. భార్య పేరుతో మహిళా యూనిట్, పనివాడి పేరుతో ఎస్సీ యూనిట్ నడిపే వాళ్లూ ఉన్నారు. వీళ్లు తినేది ప్రభుత్వ సొమ్ము కంటే ముందు మా వాటా, మా పేరు.

దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. యూనిట్ కరెంటు బిల్లు అడగండి. వెల్డింగు, ప్రెస్సు నడిచే షెడ్డులో యూనిట్లు ఎన్ని కాలతాయో మీ ఎలక్ట్రికల్ ఇంజినీరు ఒక్క చూపులో చెబుతారు. పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్న పనివాళ్ల జాబితా అడగండి. స్టీలు కొన్న బిల్లులు అడగండి. ఆర్డరు ఇచ్చే ముందు జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి ఒక మనిషిని పంపి షెడ్డు ఫొటో తీయించండి. నిజంగా తయారుచేసేవాడికి ఇందులో భయపడాల్సింది ఏమీ లేదు.

ఎస్సీ, ఎస్టీల 4 శాతం సంగతి ఇంకా బాధగా ఉంది. కేంద్ర సంస్థలు మొత్తం 25 శాతం లక్ష్యాన్ని ఈ మధ్య దాటుతూనే ఉన్నాయి. ఆ 4 శాతానికి మాత్రం ఏళ్ల తరబడి దరిదాపులకు రాలేకపోయాయి. దీనికి ఒక కారణం ఉత్తర్వులోనే ఉంది. ఎస్సీ, ఎస్టీల యూనిట్లు టెండరులో పాల్గొనకపోయినా, ధర కుదరకపోయినా ఆ భాగాన్ని మిగతా చిన్న యూనిట్లతో నింపుకోవచ్చు. నిండకపోయినా అడిగేవాళ్లు లేని లక్ష్యం అది. పైగా శాతం లెక్క ఏడాది మొత్తానికి, సంస్థ మొత్తానికి. ఏ ఒక్క టెండరుకూ విడిగా బాధ్యత లేదు. రాష్ట్రంలో ఇలాంటి కోటా పెడితే శాతంగా కాకుండా ఫలానా లాటు, ఫలానా జిల్లాలో అని పేరు పెట్టి పెట్టండి. ఆ లాటుకు ఎవరూ రాకపోతే ఎందుకు రాలేదో వెళ్లి కనుక్కోండి. పెట్టుబడి లేకనా, షెడ్డు లేకనా, అసలు టెండరు వచ్చిందని తెలియకనా అన్నది అప్పుడే బయటపడుతుంది.

ఇక డబ్బు. ఇది లేకపోతే పైన రాసినవన్నీ ఇచ్చినా మాకు ఉపయోగం లేదు.

ప్రభుత్వ ఆర్డరు దొరికిన రోజు ఒక చిన్న యూనిట్‌లో ఏం జరుగుతుందో చెబుతాను. స్టీలు డీలరు మాకు అప్పు ఇవ్వడు, ఇచ్చినా వడ్డీ వేస్తాడు. ఈఎండీ మినహాయింపు ఉంది కానీ పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి, అంటే ఆర్డరు పూర్తిచేస్తామని ఇచ్చే హామీ సొమ్ముకు, లేదు. దానికి గ్యారంటీ ఇవ్వాలంటే బ్యాంకు ఎఫ్‌డీ పెట్టమంటుంది. పనివాళ్లకు శనివారం శనివారం కూలి ఇవ్వాలి. సరుకు ఇచ్చి బిల్లు వేసిన మరుసటి నెల 20వ తేదీకి 18 శాతం జీఎస్టీలో, ముడిసరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను పోను మిగిలింది కట్టాలి. మీ దగ్గర బిల్లు పాసైందా లేదా అన్నది జీఎస్టీ వాళ్లకు అనవసరం. రాని డబ్బు మీద పన్ను ముందు కడతాం. మూడు నెలలు, ఆరు నెలలు బిల్లు ఆగితే మా లాభం మొత్తం బ్యాంకు వడ్డీకి పోతుంది. ఇంకో మూడు నెలలు ఆగితే యూనిట్ పోతుంది.

దీనికి చట్టం ఉంది, అది రాష్ట్ర శాఖలకూ వర్తిస్తుంది. ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సరుకు అంగీకరించాక 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఒప్పందంలో గడువు రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. వివాదం వస్తే ఆ చట్టం కింద ఏర్పడ్డ ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. తీర్పు మీద కోర్టుకు వెళ్లాలంటే కొనుగోలుదారు 75 శాతం ముందు కట్టాలి. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చినప్పటి నుంచి ఆన్‌లైన్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చేయొచ్చు. ఇంత గట్టి చట్టాన్ని మాలో చాలామంది వాడుకోరు. ఫిర్యాదు చేస్తే వచ్చే ఆర్డరు రాదన్న భయం. వడ్డీ అడిగిన యూనిట్ పేరు ఆఫీసులో గుర్తుండిపోతుందని అందరికీ తెలుసు.

ప్రైవేటు కంపెనీల మీద ఈ మధ్య వేరే ఒత్తిడి వచ్చింది. 2023-24 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో కొత్త నిబంధన ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్లకు గడువులో డబ్బు కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి వీల్లేదు. మార్చి నెల వచ్చేసరికి కంపెనీలు వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసి బిల్లులు తీరుస్తున్నాయి. ప్రభుత్వ శాఖ ఆదాయపు పన్ను కట్టదు కాబట్టి ఈ ఒత్తిడి దాన్ని తాకదు. అందుకే మా కోసం మీరు చేయగలిగింది ఒకటుంది. నిధులు కేటాయించి, ఆ మొత్తం విడిగా పెట్టిన తర్వాతే టెండరు పిలవండి. చిన్న యూనిట్ల బిల్లులకు ట్రెజరీలో వేరే వరస పెట్టమని ఆర్థిక శాఖను అడగండి. 45 రోజులు దాటిన బిల్లుకు వడ్డీ మేం అడగకుండానే లెక్కలో కలపండి. అడిగితే పేరు పోతుందన్న భయం అప్పుడు ఉండదు. మొత్తం ఆర్డర్లలో మా బిల్లులు చాలా చిన్నవి. వాటిని సకాలంలో తీర్చడం వల్ల ఏ ఖజానా ఖాళీ కాదు.

ప్రభుత్వం తలచుకుంటే పని విడగొట్టి పంచగలదని మన దగ్గరే రుజువుంది. తెలంగాణలో బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. 2024లో జతకు కుట్టుకూలి 50 రూపాయల నుంచి 75కు పెంచారు. లక్షల జతలు ఊళ్లలోనే తయారయ్యాయి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు వెళ్లింది, ఏళ్ల తరబడి ఆ ఊరికి అదే పెద్ద పని. అయితే సిరిసిల్లే ఇంకో సంగతి కూడా చూపించింది. 2024లో ఆర్డర్లు లేక మగ్గాలు ఆగినప్పుడు ఆ కుటుంబాలకు వేరే దారి లేకపోయింది. కోటా ఇచ్చి, ఆర్డరు ఎప్పుడొస్తుందో చెప్పకపోవడం వల్ల వచ్చే కష్టం అది. కేంద్ర ఉత్తర్వులో ప్రతి సంస్థా రాబోయే ఏడాదిలో చిన్న పరిశ్రమల దగ్గర ఏమేం కొంటుందో ముందే వెబ్‌సైట్‌లో పెట్టాలని ఉంది. రాష్ట్ర శాఖలు ఏప్రిల్‌లో అలాంటి జాబితా ఒకటి పెడితే మేం స్టీలు ధర చూసుకుని కొనుక్కుంటాం, పనివాళ్లను ఆపుకుంటాం, ప్రైవేటు ఆర్డర్లు కూడా వెతుక్కుంటాం. ఒక్క ప్రభుత్వం మీదే ఆధారపడాలని మాకు లేదు.

వచ్చే జూన్‌లో బడులు, హాస్టళ్లు తెరవడానికి ముందు డెస్కులు, మంచాల టెండర్లు ఎలాగూ వస్తాయి. డ్రాఫ్టు ఇప్పటికే మీ కంప్యూటర్లలో ఉండి ఉంటుంది. అది బయటికి వచ్చే ముందు విజయవాడలో ఒక రోజు, హైదరాబాద్‌లో ఒక రోజు చిన్న యూనిట్ల సంఘాలను పిలిచి ఆ అర్హతల పేజీ మా ముందు పెట్టండి. ఏ నంబరు మమ్మల్ని ఎందుకు బయట ఉంచుతుందో చెబుతాం. మా కాస్టింగ్ షీట్లు తెస్తాం, కిలో స్టీలుకు ఎంత, వెల్డింగుకు ఎంత, కోటింగుకు ఎంత పడుతుందో దాచకుండా చూపిస్తాం. మీ అంచనా ధర తప్పని తేలితే మార్చుకోండి, మాది తప్పని తేలితే మేం మార్చుకుంటాం. ఏ వారంలో పిలిచినా, షెడ్డు ఒక పూట మూసి వస్తాం.

ఇట్లు,
ఒక స్టీల్ ఫర్నిచర్ యూనిట్ యజమాని,
ఆటోనగర్, విజయవాడ.